ఇంటిపేరు దాకే

మా దేవుడి అరలో మార్కండేయుడి పటం పక్కన వేలెడంత గాజు సీసా ఒకటి ఉంటుంది. మూత బిగించి మైనం పూశాను. లోపల స్పిరిటు, అడుగున నల్ల నువ్వుల్లాంటివి కొన్ని. పికో చేయించుకోవడానికి చీరలు తెచ్చే ఆడవాళ్లు దాన్ని గంగాజలం అనుకుని దండం పెడతారు. దగ్గరికొచ్చి చూశాక గొంతు తగ్గిస్తారు. "నువ్వులేందక్కా, దేవుని కాడ?" నువ్వులంటే ఎవరికైనా తర్పణమే గుర్తొస్తుంది మరి. నువ్వులు కాదమ్మా, కందిరీగలు అంటే ఇంకో అడుగు వెనక్కి వేస్తారు.

అవి మనుషుల్ని కుట్టే కందిరీగలు కావు. ఆకులు తినే గొంగళిపురుగు ఒంట్లో గుడ్లు పెట్టే రకం. నువ్వుగింజంతే ఉంటాయి. వాటి పేరేమిటో నాకింకా తెలియదు. తెలియగానే చెప్తానని మా అన్నకు మాటిచ్చాను. ఆయన పోయి ఏడాది దాటింది. సంజెవేళ దీపం పెడుతుంటే ఇప్పటికీ వెనకనుంచి ఎవరో అడగబోయి ఆగినట్టు ఉంటుంది.

మా నాయన పోచంపల్లి పక్క ఊళ్లో మగ్గం దిగి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో పనికి కుదిరాడు. అన్న బడికి పోయేవాడు. నాకు ఫిట్స్ వచ్చేవి. బళ్లో పడిపోతే ఎవరు చూస్తారని నన్ను పంపలేదు. సాయంత్రం అన్న ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే ఆ రోజు సారు ఏం చెప్పాడో నాకు చెప్పడం మొదలుపెట్టేవాడు. నాకు అక్షరాలు వచ్చింది అలాగే, లెక్కలు వచ్చింది అలాగే. ఆ ఫిట్స్‌కు కూడా దేవుడికి దండం పెట్టుకుంటాను ఒక్కోసారి. అవి లేకపోతే నాకు అలాంటి గురువు దొరికేవాడా?

పెద్దయ్యాక ఆయనకు పురుగుల మీద పనిచేసే ఒక సర్కారు ఆఫీసులో సహాయకుడి ఉద్యోగం వచ్చింది. సైంటిస్టు కాదు. సైంటిస్టులకు పురుగులు పట్టి తెచ్చి, పెంచి, అట్టముక్కల మీద అంటించి ఇచ్చేవాడు. అమ్మా నాయనా పోయాక దిల్‌సుఖ్‌నగర్ గల్లీలో పైపోర్షన్ కిరాయికి తీసుకుని మేమిద్దరమే ఉన్నాం. నా కుట్టుమిషన్ ఒక కిటికీ దగ్గర, ఆయన పురుగుల డబ్బాలు ఇంకో కిటికీ దగ్గర. మిఠాయి డబ్బాలే అవి. మూతలకు బదులు నా దగ్గర మిగిలిన ఫాల్ గుడ్డ వేసి రబ్బరుబ్యాండు పెట్టేవాడు. మిషన్ ఆపితే చాలు, పురుగులు ఆకు నమిలే చప్పుడు వినిపించేది. మెత్తటి జల్లు పడ్డట్టు ఉండేది.

మొదటిసారి చూసింది నాకింకా గుర్తే. బాగా తిని బలిసిన గొంగళిపురుగు ఒకరోజు తినడం ఆపేసింది. కాసేపటికి దాని పక్కలు చీల్చుకుని తెల్లటి బుల్లి పురుగులు బయటికొచ్చాయి. వచ్చినవి వచ్చినట్టే చుట్టూ దారం అల్లుకోసాగాయి. చూస్తుండగానే ఆకు మీద దూది పింజ పెట్టినట్టయింది.

"మన కులపోళ్లే చెల్లె," అని నవ్వాడు అన్న. "పుట్టంగనే పోగు తీస్తున్నయి చూడు."

"అది సచ్చిపోయిందా?"

"ఇంకా సావలే."

నిజంగానే చావలేదు. తనను లోపలినుంచి తిన్నవాటి మీదే కావలి ఉన్నట్టు తల ఎత్తి నిలబడింది. తాకితే ఊగింది.

"ఒంట్ల గన్ని ఉంటే దానికి ముందుగల్ల తెల్వదా?" అన్నాను.

"ఎట్ల తెలుస్తది? ఆకలి ఆగదు గదనే. తింటనే ఉంటది."

ఆ మాట తర్వాత నన్ను చాలా వెంటాడింది.

పేర్ల సంగతి కూడా ఆయనే చెప్పాడు. ప్రతి పురుగుకూ రెండు మాటల పేరుంటుందట. ముందు మాట ఇంటిపేరు, వెనక మాట సొంత పేరు అనుకో అన్నాడు. ఈ సన్న కందిరీగల్లో ఇంటిపేరు దాకా పోవడానికే కళ్లు పోతాయి. రెక్కలో గీత ఎక్కడ ఆగింది, వీపు మీద గుంతలు ఎంత దగ్గరగా ఉన్నాయి, మీసంలో కణుపులు ఎలా ఉన్నాయి, అన్నీ చూడాలి. అన్నీ చూశాక కూడా ఒకే అచ్చులో పోసినట్టున్న రెండు వేరువేరు జాతులు కావచ్చు. ఒకటి ఈ పురుగులోనే గుడ్లు పెడుతుంది, ఇంకోటి ఆ పురుగులోనే పెడుతుంది. పైకి తేడా కనిపించదు. అందుకే ఏ పురుగులోంచి వచ్చిందో దాని చర్మం కూడా పక్కన దాచిపెట్టాలి. సగానికి సగం వాటికి అసలు ఇంకా ఎవరూ పేరే పెట్టలేదేమో అనేవాడు. వాళ్ల ఆఫీసులో పెట్టెలకు పెట్టెలు అట్లా ఇంటిపేరు రాసి, వెనక ఖాళీ వదిలినవే ఉన్నాయట.

"పాపం, పేరు లేకుంటనే ఉన్నయా?" అన్నాను.

"వాటికేం పరేషానీ లేదు చెల్లె. మనకే."

పోయిన ఏడాది వానాకాలం మొత్తం అన్న మంచిగానే తిన్నాడు. మా చిన్నమ్మ ఎప్పుడొచ్చినా, "మీ అన్న ఒళ్లు చేసిండే," అని మురిసేది. అది ఒళ్లు కాదు, పొట్టలో నీరు అని ఎల్బీనగర్ దవాఖానలో డాక్టరు చెప్పాడు. క్యాన్సర్ కాలేయం నిండా ఉందట. వేరే ఎక్కడో మొదలై అక్కడికి పాకిందట. ఆ మొదలు ఎక్కడో మాత్రం దొరకడం లేదు. స్కానింగులు చేశారు, ముక్క తీసి పంపారు. "కొంతమందిలో ఎక్కడ మొదలైందో తెలియదమ్మా," అన్నాడు డాక్టరు. ఆయన కళ్లలో తడి చూశాను. ఆ తడికి ఇప్పటికీ ఆయనకు రుణపడి ఉన్నాను.

బయటికొచ్చి మెట్లమీద కూర్చుని అన్న నవ్వాడు. "చూసినవా, నాది గూడ ఇంటిపేరు దాకనే తేలింది."

నేను నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. ఆయన నవ్వించాలనే అన్నాడు.

వద్దంటే వినకుండా ఆ ఆదివారమే బస్సెక్కి నాగోల్ పోయాడు. మూసీ ఒడ్డున పొదలు తిరిగి, అటునుంచి అల్మాస్‌గూడ ఖాళీ ప్లాట్లు చూసుకుని, మూడు డబ్బాల నిండా పురుగులు తెచ్చాడు. ఒకదాంట్లో ఆముదం ఆకు, ఒకదాంట్లో కరివేపాకు, ఒకదాంట్లో నందివర్ధనం. ఆ తర్వాత నేను రిపోర్టుల కోసం తిరుగుతుంటే, ఆయన డబ్బాల ముందు కూర్చున్నాడు. దవాఖానలో చేరాల్సిన పొద్దున, నేను బట్టలు సర్దుతుంటే ఈ సీసా తెచ్చి చేతిలో పెట్టాడు.

"ఇయ్యాల్నే ఎగిరినయి. గిట్లాంటియి నేను ఎన్నడు చూడలే. ఎవరికన్న చూపెట్టు. పేరు తెలిసినంక నాకు చెప్పు."

"నువ్వే ఒచ్చి చూసుకుంటవు గని."

"చెప్పు అంటున్న గద."

"చెప్త అన్నా."

ఏ డబ్బాలోవి అని అడగలేదు. డబ్బాలు కిటికీలోనే ఉన్నాయి కదా. అన్న మళ్లీ ఆ కిటికీ దగ్గరికి రాలేదు.

ఆయన పోయిన మూడోనాడు పిట్టకు పెట్టారు. మాలో అది ఆనవాయితీ. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, దూరంగా నిలబడతారు. పిట్ట ముడితే మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అప్పుడు ఒక్కొక్కరే ముందుకొచ్చి మాటివ్వాలి.

డాబా మీద బగారన్నం, తలకాయకూర, గ్లాసులో చాయ్, పక్కన ఉస్మానియా బిస్కెట్లు పెట్టాం. నీళ్ల ట్యాంకు మీద కాకి వాలింది. దిగలేదు.

"నీ చెల్లెను మేం చూస్కుంటం బిడ్డా, ముట్టు," అన్నాడు చిన్నాయన. కాకి అటు తిరిగి కూర్చుంది.

చిన్నాయన కొడుకు ముందుకొచ్చాడు. "అన్నా, నీ బండి నేను మంచిగ చూస్కుంట."

"బండి నీకెవడిస్తుండు రా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఏడుస్తున్నవాళ్లు కూడా కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు.

ఎండ ముదిరింది. కాకి దిగదు. చిన్నమ్మకు అప్పుడు తోచింది. "గా పురుగుల డబ్బాలు ఇంట్ల ఎందుకున్నయే? పానాలకు మూతలేసి బంధిస్తే, వాని పానం ఎట్ల ఇడుస్తది?" అంటూ కిందికి పోయి మూడు డబ్బాలూ తెచ్చింది. గుడ్డలు పీకి, విస్తరి పక్కన బోర్లించింది. ఆకులు, పెంటికలు, లావుగా ఎదిగిన పురుగులు, అన్నీ ఒకటే కుప్ప.

కాకి వెంటనే దిగింది. అన్నం వైపు చూడలేదు. ఒక్కొక్క పురుగునూ ఏరుకు తింది. ఇంకో కాకి వచ్చింది. "ముట్టింది! ముట్టింది!" అని అందరూ చేతులు జోడించారు. చిన్నమ్మ ఏడ్చేసింది. "వాని మనసంత గా పురుగుల మీదనే ఉండె!" నేనూ దండం పెట్టాను. దేవుడా, మా అన్నను తృప్తిపరిచావు, నీకు వెయ్యి దండాలు అనుకున్నాను. తర్వాత మైల పోవడానికి బకెట్ల నీళ్లు పోసి డాబా అంతా కడిగేశారు.

ఏం కడుక్కుపోయిందో తెలియడానికి నెల పట్టింది.

అన్న పనిచేసిన ఆఫీసులోనే పెద్ద ఉద్యోగం చేసి దిగిపోయిన మేడం ఒకావిడ ఎల్బీనగర్ దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉంటారు. గుంటూరు వైపు వారు. పడకగదిలోనే మైక్రోస్కోపు పెట్టుకున్నారు. సీసా తీసుకుని మెట్రోలో పోయాను. ఒళ్లో పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాను. మేడం నాకు ముందు ఉప్మా పెట్టారు. తర్వాత సీసాలోవి ఒక్కొక్కటే మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు.

"ఏ పురుగులోంచి వచ్చాయమ్మా ఇవి?"

జరిగింది చెప్పాను. మేడం పకపకా నవ్వి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "అయ్యో, ఏమనుకోకమ్మా. అంటే ఆ కాకిని అడగాలన్నమాట."

నాకూ నవ్వొచ్చింది. అన్న పోయాక అదే మొదటి నవ్వు.

"ఇంకో చిక్కుంది. ఇవన్నీ మగవే. ఆడది ఒక్కటి కూడా లేదు. వీటి తల్లికి జత దొరక్కపోయినా గుడ్లు పెట్టేస్తుంది. అలా పెడితే మగపిల్లలే పుడతారు. తండ్రి ఉంటేనే ఆడపిల్ల."

"మరి పేరు?"

"మగవాటిని చూసి పేరు చెప్పడం మంచిది కాదమ్మా. ఆడదాని చివర ఉండే సూది చూడాలి. అదీ లేదు, పురుగు చర్మమూ లేదు. కొటేసియా. అంతవరకే నేను చెప్పగలను."

ఇంటిపేరు దొరికింది. మెట్రోలో వస్తూ దాన్ని జపంలా నోట్లో తిప్పుకున్నాను. ఇంటికొచ్చి దీపం పెట్టి, "అన్నా, కొటేసియా," అన్నాను. ఆయన సగం మాట విని ఇంకా వేచి ఉన్నట్టే అనిపించింది. చిన్నప్పుడు ఎక్కం సగంలో ఆపేస్తే అట్లాగే ఎదురుచూసేవాడు, కళ్లు ఎత్తకుండా.

ఆ చలికాలమంతా మిషన్ ఆపినప్పుడల్లా నమిలే చప్పుడు వినిపించేది. డబ్బాలు ఖాళీ అని నాకు తెలుసు. అయినా లేచి వెళ్లి చూసేదాన్ని.

వానలు పడగానే నేనే బయల్దేరాను. అన్న చూపించిన పొదలు నాకు గుర్తున్నాయి. నాగోల్‌లో ఒక అపార్ట్‌మెంట్ గోడ పక్కన ఆముదం ఆకులు తిప్పి చూస్తుంటే వాచ్‌మన్ వచ్చాడు.

"ఏం ఏరుతున్నవమ్మా?"

"పురుగులు."

"ఏం చేస్కుంటవు?"

"పెంచుకుంట."

అతను, "జర పైలం, పాములుంటయి," అని గొడుగు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఆ మనిషిని కూడా రోజూ తలుచుకుంటాను.

అవే మూడు ఆకులు, అవే మూడు డబ్బాలు. ఆముదం పురుగుల్లోంచి కందిరీగలు రాలేదు, బొద్దు ఈగలు వచ్చాయి. నందివర్ధనం పురుగులు ఆకుపచ్చ రెక్కల పురుగులై గదంతా తిరిగి కిటికీలోంచి పోయాయి. కరివేపాకు డబ్బాలో ఒక పొద్దున దూది పింజ కనిపించింది. ఆ పురుగు ఇంకా తల ఎత్తుకునే ఉంది. అది చచ్చేదాకా పక్కనే కూర్చుని నాకొచ్చిన స్తోత్రం చదివాను. చర్మాన్ని బటర్ పేపర్‌లో చుట్టి దాచాను. ఈసారి ఎగిరినవాటిలో ఆడవీ ఉన్నాయి, మగవీ ఉన్నాయి.

మేడం చూసి సంతోషపడ్డారు. వీటికి పేరుంది. అంతకుముందే తెలిసిన జాతి. రెండు మాటలూ నా చేత పలికించి మరీ చెప్పారు.

"మా అన్నవి గూడ ఇవేనా మేడం?"

"అయ్యుండొచ్చు. కాకపోనూ వచ్చు. పక్కపక్కన పెట్టి చూస్తే మగవి ఒకేలా ఉన్నాయి. కానీ ఇలా ఒకేలా ఉండేవి నాకు తెలిసి రెండు మూడున్నాయి." అన్న సీసాలోంచి ఒకదాని కాలు తీసి, తెలిసినవాళ్ల చేత డీఎన్‌ఏ పరీక్ష కూడా చేయించారు. ఏమీ తేలలేదట.

"కరివేపాకు మీద దొరికేది మీ అన్నయ్య ఎన్నిసార్లు చూసుంటాడు? ఎన్నడూ చూడలేదన్నాడంటే..." అని ఆగారు. మందుల మత్తులో అన్నాడేమో అని ఆవిడ అనలేదు. నేనూ అనలేదు. "నేను చెప్పనమ్మా. చెప్తే ముందు మీ అన్నయ్యే ఒప్పుకోడు."

సంవత్సరీకం వచ్చింది. మళ్లీ డాబా, మళ్లీ బగారన్నం, తలకాయకూర, చాయ్, బిస్కెట్లు. మళ్లీ ట్యాంకు మీద కాకి. దిగదు.

చిన్నమ్మ నా వైపు తిరిగింది. "నీ కాడ గిప్పుడు పురుగులున్నయా?"

"ఉన్నయి."

"తే మరి. పోయినేడు గట్లనే గద దిగింది."

"తేను చిన్నమ్మా."

"ఏందే, అన్నకన్న పురుగులెక్కువైనయా?"

చెప్పులు విడిచి విస్తరి దాకా పోయాను. ఆ పూర్తి పేరు నాలుక చివరే ఉంది. అనేస్తే ఆయన వింటాడు, పోతాడు, నాకు నిద్ర పడుతుంది. కాదని ఎవరనగలరు? మేడమే అనలేరు. కానీ నా ఎదురుగా పలక ఒళ్లో పెట్టుకుని, కళ్లు ఎత్తకుండా వేచి ఉన్న మనిషి కనిపించాడు. తెలియనప్పుడు తెలియదనే చెప్పమని నేర్పిందే ఆయన. ఊరికే ఏదో ఒకటి అంటే అక్షరం దిద్దినట్టే దిద్దేవాడు.

"అన్నా, ఇంటిపేరు దాకే తెలిసింది," అన్నాను. "మిగతది ఇంక తెల్వలే. ఎతుకుతున్న."

వెనకనుంచి చిన్నమ్మ, "ఎవరి ఇంటిపేరే? ఏమన్న సంబంధం గిట్ల చూసుకున్నవా?" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లోనే రెక్కల చప్పుడు. కాకి దిగి ఒక బిస్కెట్ ముక్కున కరుచుకుని మూసారాంబాగ్ వైపు ఎగిరిపోయింది.

"అదే కాకి!" చిన్నమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "పోయినేడు ఒచ్చినదే!"

"ఎట్ల గుర్తుపట్టినవు చిన్నమ్మా?"

"ఎట్లేంది? మన కాకిని మనం ఎరగమా?"

కరెంటు తీగల మీద వరసగా కాకులున్నాయి. అన్నిటికీ అదే బూడిదరంగు మెడ. నేను చాలాసేపు చూశాను. ఏది పోయినేటిదో, ఏది ఇప్పుడు వచ్చి పోయిందో నాకు తెలియలేదు. చిన్నమ్మకు దేవుడు ఇచ్చిన ఆ నమ్మకానికి మనసులోనే దండం పెట్టి, పురుగులకు ఆకు మార్చే వేళయిందని కిందికి దిగాను.

కరివేపాకు డబ్బాలో కొత్త పురుగులు వరసగా తింటున్నాయి. అన్నీ నిగనిగలాడుతూ బాగానే ఉన్నాయి. గుడ్డకు చెవి ఆనించాను. మెత్తటి జల్లు. ఏ పురుగులో ఎవరున్నారో బయటినుంచి తెలియదు.